సింహావలోకనం

అడవిలో నడచే సింహం కొంత దూరం సాగిన పిదప ఒకసారి ఆగి, మెడ త్రిప్పి, తాను నడచి వచ్చిన దారిని పరికించి చూస్తుందట. ఆ చూపునకే మన పెద్దలు సింహావలోకనమని పేరు పెట్టారు. ఉర్దూలో ‘జాయిజా’ అనే మాట దీనికి దగ్గరగా ఉన్నది. అయితే మనం ఈ మాటను వాడినంతగా ఆ పనిని చేయము. సంవత్సరాంతాన ‘సింహావలోకనం’ అనే శీర్షిక క్రింద చేసిన ఘనకార్యాల పట్టిక చదువుతాము. చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతాము. సింహం వెనుదిరిగేది తన గొప్ప చూచుకొనుటకు కాదు, తాను గమనించక దాటి వచ్చినదేమైనా ఉన్నదేమో చూచుటకు. ఈ భేదం నాకు తెలిసి వచ్చుటకు ఒక పొరపాటు, ఒక పూర్వ విద్యార్థిని కారణమైనవి. ఆ సంగతి ఇక్కడ చెప్పుటే న్యాయం. ఏలనంటే ఆ పొరపాటు జరిగినది మన ఈ సంచికకే.

మన వార్షిక సంచిక రెండు ముఖాలు గల పుస్తకం. తెలుగు ఎడమ నుండి మొదలవుతుంది, ఉర్దూ కుడి నుండి మొదలవుతుంది, రెండును నడుమ కలుసుకొంటాయి. తెలుగు భాగం పేజ్‌మేకర్‌లోను, ఉర్దూ భాగం ఇన్‌పేజ్‌లోను కూర్చబడతాయి. 2022 సంచికకు ఎనిమిది పుటల ఫారాలు పన్నెండు, అనగా 96 పుటలు అనుకొన్నాము, చెరి 48. తెలుగు భాగంలో చివరి నాలుగు పుటలు మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయివి. వాళ్లమ్మ కుట్టుమిషనును గురించి వ్రాసిన వ్యాసం అది. నేను ఇన్నేళ్లలో దిద్దిన విద్యార్థుల రచనలలో అంత నిజాయితీ గలది మరొకటి లేదు.

ఆవిష్కరణ నాడు ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమెకు తెలుగు చదువుట రాదు; కూతురు చదివి వినిపించాలని ముందు వరుసలో కూర్చున్నది. విషయసూచికలో కూతురి పేరున్నది, ఎదుట 45 అన్న అంకె ఉన్నది. 45వ పుట తెరిస్తే అక్కడ మరొకరి వ్యాసం తోక ఉన్నది. అమ్మాయి అటునుండి ఒకసారి, ఇటునుండి ఒకసారి పుటలన్నీ త్రిప్పింది. వ్యాసం లేదు. తల్లి ఏమీ అనలేదు. పుస్తకాన్ని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకొన్నది.

మరునాడు నేను సంపాదకవర్గ విద్యార్థులను పిలిపించి, “ఇది ఎవరి నిర్లక్ష్యం?” అని అడిగాను. అందరూ నేల చూపులు చూశారు. ముద్రణాలయానికి, కళాశాలకు మధ్య ప్రూఫులు మోసిన రెండవ సంవత్సరం అబ్బాయి ముఖం వాడిపోయింది. నాకు అది చాలు. అందరి ఎదుట అతనిని గట్టిగా మందలించాను. ఆనాటి నుండి అతడు సంపాదకవర్గానికి రాలేదు. తప్పు చేసినవాడు దొరికాడని నేను నిశ్చింతగా ఉన్నాను.

2023 వేసవిలో మా పూర్వ విద్యార్థిని ఒకామె కళాశాలకు వచ్చింది. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఎనిమిది మంది గల బృందంలో పని చేస్తున్నది. మాటల మధ్య సంచిక సంగతి చెప్పాను. ఆమె సాంతం విని, “సార్, మీరు ‘ఎవరు’ అని అడిగారు. మేమైతే ‘ఏమి జరిగింది’ అని అడుగుతాము. ఎవరు అని అడిగితే ఒక మనిషి దొరుకుతాడు గాని, కారణం దొరకదు” అన్నది.

“అట్లయితే బాధ్యత ఎవరిదమ్మా?” అన్నాను.

“అది కూడా తేలుతుంది సార్. కాని మనం అనుకొన్న చోట తేలదు.”

వారి బృందం ప్రతి రెండు వారాలకు ఒక భాగం పని ముగించి, ఒక గంట సేపు కూర్చుంటుందట. చేసిన వస్తువును గురించి కాక, చేసిన తీరును గురించి మాట్లాడుకొంటారట. దానిని వారు ‘రెట్రాస్పెక్టివ్’ అంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో, 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ‘ఎజైల్’ పద్ధతికి ప్రాతిపదికలు వ్రాశారు. వారి పన్నెండు సూత్రాలలో చివరిది ఇదే: బృందం నియమిత వ్యవధులలో ఆగి, తన పనితీరును తరచి చూచుకొని, దానిని సవరించుకొనాలి. అదే సంవత్సరం నార్మన్ కెర్త్ ఈ సమావేశాలపై వెలువరించిన గ్రంథంలో ఒక నియమం ప్రతిపాదించాడు. ప్రతివారు తమకు ఆనాడు తెలిసినంతలో, తమకున్న శక్తిలో, చేయగలిగినంత చేశారని ముందుగా అంగీకరించి కూర్చొనవలెనని దాని భావం. 2006లో ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ ఈ సమావేశానికి ఐదు మెట్లు చెప్పారు: సభను సిద్ధపరచుట, జరిగినవి సేకరించుట, కారణాలు వెదకుట, చేయవలసినది నిర్ణయించుట, ముగించుట. మనం సాధారణంగా మొదటి మూడు మెట్లు ఎక్కకుండానే నాలుగవ దానిపైకి దూకుతాము.

ఆమె మరొక సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఒక దశలో వారి పై అధికారి ఈ సమావేశాలలో కూర్చుని, విన్నదానిని జీతాల పెంపుదల లెక్కలకు వాడుకొన్నాడట. ఆ మరుసటి సమావేశం నుండి అందరూ తీపి మాటలే పలికారట. “అప్పటినుండి అది రెట్రాస్పెక్టివ్ కాదు సార్, పెండ్లి విందు” అని నవ్వింది. భయమున్న చోట నిజం పలుకదు. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలించినపుడు, చక్కగా పనిచేసే బృందాలలోనే తప్పులు ఎక్కువగా నమోదైనట్లు కనబడి ఆశ్చర్యపోయింది. వారు ఎక్కువ తప్పులు చేయుట కాదు, చేసిన వాటిని చెప్పగలుగుటయే అందుకు కారణమని ఆమె గ్రహించింది.

ఆ మాటలు నన్ను నిద్రపోనీయలేదు. కొత్త సంచిక పని ఆరంభించక ముందే మేమూ ఒకసారి కూర్చొనాలని నిశ్చయించాను. ఉర్దూ విభాగపు మా సహోద్యోగిని, ఏడుగురు విద్యార్థులను, అక్షరాలు కూర్చిన ముద్రణాలయ ఆపరేటరును పిలిచాము. ఆ అబ్బాయి వద్దకు నేనే వెళ్లి రమ్మని అడిగాను. వచ్చి తలుపు ప్రక్కన కూర్చున్నాడు. మార్కులు వేసే చేయి సభను నడుపరాదని పూర్వ విద్యార్థిని హెచ్చరించినందున, ఆ బాధ్యత మన గ్రంథపాలకులకు అప్పగించాము. నేను చివర మాట్లాడాలి. అంతవరకు సమాధానం చెప్పుకొనరాదు.

నల్లబల్లపై అడ్డంగా ఒక గీత గీచి, రచనలు ఆహ్వానించిన నాటి నుండి ఆవిష్కరణ వరకు తేదీలు వేశాము. ఎవరికి ఏమి గుర్తున్నదో చీటీలపై పేరు లేకుండా వ్రాసి, ఆ తేదీ క్రింద అతికించాలి. పావుగంటలో గీత నిండిపోయింది. ఒక చీటీపై ఇట్లున్నది: “ప్రూఫులు సారు బల్లపై పదకొండు రోజులున్నవి.” మరొకటి: “పుటలు పెరిగిన సంగతి ఉర్దూ విభాగానికి ఎవరూ చెప్పలేదు.” ఆపరేటరు వ్రాసినది: “తెలుగులో నాలుగు పుటలు పెరుగుతున్నవి, సర్దమని ఫోను వచ్చింది. ఉర్దూలో ఖాళీ లేదు. చివరివి తీసివేశాను.”

ఆ ఫోను చేసినది నేను. పెరిగిన నాలుగు పుటలు నా వ్యాసానివి. మూల్యాంకనపు పని తొందరలో ప్రూఫులు పదకొండు రోజులు ఉంచుకొన్నది నేను. నా వ్యాసం పెరుగుట వలన అమ్మాయి వ్యాసం 45 నుండి 49కి జరిగింది. 49వ పుట అన్నది తెలుగు భాగంలో లేనే లేదు. ప్రూఫులు మోసిన అబ్బాయికి ఈ ఫోను సంగతే తెలియదు.

మొదటి చీటీ దస్తూరి ఎవరిదో తెలుగు అధ్యాపకునిగా నేను గుర్తుపట్టగలను. గుర్తుపట్టాను కూడా. ఆ క్షణంలో నా మనసులో కలిగినది కృతజ్ఞత కాదని ఒప్పుకొనక తప్పదు. నా వంతు వచ్చినపుడు లేచి, ఏ విద్యార్థుల ఎదుట అతనిని మందలించానో వారి ఎదుటనే అతనిని క్షమాపణ కోరాను. అతడు “పరవాలేదు సార్” అన్నాడు. కాని సంపాదకవర్గానికి మరల రాలేదు. ఆ నష్టం పూడలేదు.

చివర రెండే నిర్ణయాలు చేశాము. పది నిర్ణయాలు చేసిన సభలో ఒకటీ అమలు కాదని మా గురువుగా మారిన శిష్యురాలి మాట. మొదటిది: పుటల లెక్క ఒకే పత్రంపై గ్రంథాలయం గోడకు ఉండాలి, మార్పు జరిగితే రెండు విభాగాలవారు సంతకం చేయాలి. రెండవది: ముద్రణాలయానికి నోటి మాటతో ఏ మార్పూ చెప్పరాదు. ఇక చీటీల విషయంలో ఒక సవరణ: ఇకపై వాటిని ఒక విద్యార్థి చదివి వినిపిస్తాడు, నా కంటికి దస్తూరి కనబడదు.

2023 సంచికలో ఆ అమ్మాయి వ్యాసమే మొదటి పుటలో వచ్చింది. తల్లి మాత్రం ఆ ఏడు ఆవిష్కరణకు రాలేదు. పుస్తకాన్ని కూతురి చేతికిచ్చి, ఇంటిలో చదివి వినిపించమన్నాను.

ప్రియ విద్యార్థులారా, రేపు మీలో చాలామంది ఇటువంటి బృందాలలో పని చేయబోతున్నారు. అక్కడ ‘ఎవరు’ అన్న ప్రశ్న వినబడినపుడు ‘ఏమి జరిగింది’ అని అడిగే ధైర్యం మీకు కలగాలి. కళాశాల పాలకవర్గం పెద్దలకు ఒక విన్నపం. వార్షికోత్సవం ముగిసిన వారంలో ఒక గంట కేటాయించండి. నిర్వహించిన విద్యార్థులను, కుర్చీలు మోసిన సిబ్బందిని పిలవండి. పెద్దలు చివర మాట్లాడండి. ఈ సంచిక మీ చేతికందిన పదవనాడు మేము మరల గ్రంథాలయంలో కూర్చుంటాము. చీటీల పెట్టె తలుపు ప్రక్కనే ఉంటుంది. ఇందులో ఏ పుట లోపించినా, అది నాదే అయినా, వ్రాసి వేయండి.