చేర్పు – మార్పు

తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికే మాకు రసాయనాల గొడవ ఎందుకని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు. కాని ఆగమసంధి బోధించిన ప్రతిసారీ మాకు గద్వాలలోని మా తండ్రిగారి మిఠాయి దుకాణమే స్ఫురిస్తుంది.

ఆగమమనగా ఉన్న అక్షరాన్ని కదల్చక, దాని ప్రక్కన మిత్రునివలె వచ్చి నిలిచేది. 'మా + అమ్మ' అన్నప్పుడు యకారం చేరి 'మాయమ్మ' అవుతుంది. అమ్మకు ఏ లోపమూ కలుగదు. ఆదేశం అట్లా కాదు. 'అపుడు + పోయెను' కాస్తా 'అపుడు వోయెను' అయినప్పుడు పకారాన్ని వెళ్ళగొట్టి వకారం ఆ పీఠమెక్కుతుంది. అందుకే పూర్వులు దానిని శత్రువుతో పోల్చారు. శాస్త్రజ్ఞులు సంకలిత ద్రవ్యమని పిలిచేది ఆగమమైతే, కల్తీ ఆదేశమని మా భావన. ఉర్దూలో ఇజాఫా వేరు, మిలావట్ వేరు కదా!

గద్వాల నేతకారులు నూలు పోగుకు పెట్టే గంజి అట్టి మిత్రుడే. పోగు తెగకుండా కాచి, పని తీరగానే ఉతుకులో వెళ్ళిపోతుంది. ఉప్పులోని అయోడిన్ కంటికి కనిపించదు. పది లక్షల పాళ్ళ ఉప్పులో 15 పాళ్ళున్నా గొంతువాపును నివారిస్తుంది. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. లీకైనప్పుడు మనలను మేల్కొలపడానికే అందులో దుర్గంధాన్ని చేర్చుతారు. అన్నింటికంటె మాకు ముచ్చట గొలిపేది వనస్పతి కథ. అందులో నూటికి 5 పాళ్ళకు తగ్గకుండా నువ్వుల నూనె ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టారు. రుచికొరకు కాదు. ఎవరైనా నేతిలో వనస్పతి కలిపితే, ఆమ్ల పరీక్షలో ఆ నువ్వుల నూనె గులాబిరంగు చూపి దొంగను పట్టిస్తుంది. కల్తీని బయటపెట్టడానికే ఒక చేర్పు!

2004లో మేము వనపర్తిలో ఇంటర్మీడియట్ చదువుతూ ఉండేవారము. ఒకనాడు రసాయన శాస్త్రం చెప్పే సారు, ఇంటినుండి పసుపు వన్నెగల తినుబండారమేదైనా తెమ్మన్నారు. మేము గర్వంగా మా దుకాణపు జిలేబి పట్టుకుపోయాము. గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆ నీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్కలు వేయగానే పసుపు కాస్తా ఎర్రని ఊదాగా మారింది. "మెటానిల్ ఎల్లో. బట్టల రంగు. తిండిలో నిషిద్ధం" అన్నారు సారు. ప్రక్కనున్న మిత్రుడు "మీ దుకాణానిదేనా?" అని అడిగాడు. కాదన్నాము. ఆ అబద్ధం మాకు నేటికీ అరగలేదు.

ఆ శనివారం ఇంటికి వెళ్ళి అబ్బాకు చెప్పాము. ఆయన రంగు పొట్లాన్ని దీపం దగ్గరకు తెచ్చి ఇటూ అటూ త్రిప్పి చూశారు. దానిమీద ఏ పేరూ లేదు. బజారులో విడిగా తూచి ఇచ్చినది. చాలాసేపటికి, "ఇరవై ఏండ్లనుంచి పెడుతున్న బేటా. నీకూ పెట్టిన" అన్నారు. మరి మాటలేదు. మరునాటినుండి రంగు లేని జిలేబి వేశారు.

జమ్ములమ్మ జాతరలో ఆ తెల్లని జిలేబిని చూసి జనం రోగిష్టిదన్నట్టు మొగం త్రిప్పుకొన్నారు. ప్రక్క అంగడిలో పచ్చనిది పొద్దుగూకకముందే అయిపోయింది. ఆ యేడు మా పరీక్ష ఫీజుకు అమ్మీ గాజులు కుదువకు వెళ్ళాయి. రంగు రుచినివ్వదని అందరికీ తెలుసు. అయినా మొదట తినేది కన్నే.

చివరకు అబ్బా అనుమతి పొందిన రంగును, పేరూ సంఖ్యా అచ్చువేసిన డబ్బాలో, తెప్పించుకొన్నారు. దానికీ హద్దున్నది: పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు, అంటే కిలో మిఠాయికి గ్రాములో పదవ వంతు. అంత చిన్న తూకం మా త్రాసులో ఎక్కడిది? ఒక గ్రాము రంగును లీటరు నీటిలో కరిగించి, కిలోకు నూరు మిల్లీలీటర్లకు మించకుండా మందు గ్లాసుతో కొలిచేవారు. చదువుకొన్న మాకు తోచని ఉపాయం!

అయితే ఆగమమని నమ్మినదీ ఒక్కొక్కప్పుడు శత్రువే అవుతుంది. 1921లో ఇంజను మోత తగ్గించడానికి పెట్రోలులో కలిపిన సీసపు సమ్మేళనాన్ని లోకమంతా మిత్రమనుకొన్నది. ఆ పొగ పిల్లల మెదళ్ళకు చేటని తెలిసి మన దేశం దానిని వదిలించుకొనేసరికి 2000 సంవత్సరం వచ్చింది. అనుమతి ముద్ర కూడా నేటి జ్ఞానమున్నంత మేరకే.

ఇప్పుడు మేము నాగర్‌కర్నూలులో పాఠాలు చెబుతున్నాము. రంజాను నెలలో గద్వాల వెళ్ళినప్పుడు అబ్బా క్రొత్త డబ్బాను మా చేతికిస్తారు. ఆయన చూపు మందగించింది. "నంబరు చదువు" అంటారు. "నూట రెండు" అంటాము. "మళ్ళీ చదువు" అంటారు. మళ్ళీ చదువుతాము.