పాత కారులో మధురైకి

ఏటా 15 శాతం తరుగుదల తీసేస్తే, వంద రూపాయల కారు ఎనిమిదేళ్లకు 27 రూపాయలవుతుంది. బి.కాం.లో నేర్చుకున్న ఈ లెక్కను నమ్ముకునే 2024లో ఒక 2016 మోడల్ మారుతి సియాజ్ పెట్రోలు కారు కొన్నాను. "ఊరందరికీ కొత్త కార్లకు అప్పులిచ్చి, మనకు మాత్రం ఒకరు వాడి వదిలేసిందా?" అంది మా ఆవిడ.

మొదటి ప్రయాణం కోయంబత్తూరు నుంచి మధురైకి, అమ్మను వాళ్ల అక్క దగ్గరికి తీసుకుపోవడానికి. మోకాళ్ల నొప్పులతో అమ్మ బస్సెక్కలేక నాలుగేళ్లయింది. ఈలోగా పెద్దమ్మకు చూపు తగ్గిపోయింది. ఫోను చేసినప్పుడల్లా "ఎప్పుడొస్తావే?" అని అడగడమే.

పొల్లాచ్చి దాటాక బండి తీరు తెలిసింది. 1373 సి.సి. ఇంజను, తొందరపడే రకం కాదు. లారీని దాటాలంటే గేరు తగ్గించాలి, లేదా ఓపిక పట్టాలి. నా వయసుకు రెండోదే నయం. ఎనభైలో పోతుంటే ఇంజను ఉన్నట్టే తెలియదు, అరిగిన టైర్ల హోరు తప్ప. వెనక అమ్మ హాయిగా కాళ్లు చాపుకుంది. ఈ పొల్లాచ్చి-పళని దారిలోనే మన జి.డి. నాయుడుగారు 1920లో తమ మొదటి బస్సు నడిపారని చెప్పాను.

"అప్పుడు రోడ్డుండెనా నాయనా?" అంది.

దిండిగల్ దగ్గర కాఫీకి ఆపినప్పుడు అసలు చిక్కు బయటపడింది. సెడాన్ సీటు కిందికి ఉంటుంది. నా భుజం పట్టుకుని మూడుసార్లు ప్రయత్నిస్తేగాని అమ్మ లేవలేకపోయింది. నా లెక్కలో ఇది వేసుకోలేదు. తిరుగు ప్రయాణానికి మధురైలో గట్టి దిండొకటి కొన్నాను.

పెద్దమ్మ అమ్మ ముఖమంతా చేత్తో తడిమింది. తర్వాత వాకిట్లోకి వచ్చి, కారు మీద చెయ్యి వేసి, "కొత్తదా?" అంది.

"కొత్తదే అక్కా," అంది అమ్మ.