కొల్లేటి ఒడ్డున ఆకాశ పాఠం

ఎర్ర తివాచీ మీద నల్లటి గళ్లు... పక్కనే ఎటు పడితే అటు ఒలికిన సిరా మరక. ఆ బొమ్మ చేతికిచ్చి 'ఇదేంటో చెప్పుకోండి చూద్దాం' అంటే పిల్లలు తలా ఒక మాట చెబుతారు. 'కొల్లేరు' అని మాత్రం ఎవరూ అనరు. సరస్సంటే నీలంగా ఉండాలి, చుట్టూ పచ్చగా ఉండాలి. మరి ఈ ఎరుపేమిటి? ఈ గళ్లేమిటి?

జవాబు కావాలంటే ఉపగ్రహం తీసిన ఆ చిత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఏలూరులో కైకలూరు బస్సెక్కాలి. దారి పొడవునా రెండు వైపులా నీళ్లే. పెదఎడ్లగాడి వంతెన దగ్గర దిగి చిత్రాన్ని విప్పితే చాలు, పాఠం మొదలైనట్టే!

ఆకు దాచుకోని రహస్యం

ఆకు మన కంటికి పచ్చగానే కనిపిస్తుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రటి వెలుగును తాను వాడుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పెద్దమొత్తంలో వెనక్కి పంపేస్తుంది. నీరు అలా కాదు, పరారుణాన్ని దాదాపు మింగేస్తుంది. ఉపగ్రహంలోని కెమెరా ఈ తేడాను పట్టుకుంటుంది. మన కంటికి అర్థమయ్యేలా పరారుణానికి ఎరుపు రంగు వేస్తారు. అందుకే బొమ్మలో మొక్క ఎర్రగానూ, లోతైన తేట నీరు నల్లగానూ ఉంటాయి.

దీనికో చిన్న లెక్క ఉంది. పరారుణంలోంచి ఎరుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు ఒకచోట పరారుణం 50, ఎరుపు 10 అనుకుందాం. 40ని 60తో భాగిస్తే సుమారు 0.67. అంటే దట్టమైన పచ్చదనం. నీటి మీద పరారుణం 2, ఎరుపు 4 అయితే జవాబు సున్నా కన్నా కిందకు పోతుంది. ప్రపంచమంతా అడవుల్నీ పంటల్నీ అంచనా వేసే 'ఎన్‌డీవీఐ' సూచిక ఇదే. హైస్కూలు పిల్లలకు కష్టమేమీ కాదు.

ఎరుపంతా ఆరోగ్యమేనా?

అసలు చిక్కు వంతెన మీద నిలబడితే తెలుస్తుంది. చిత్రంలో ముదురు ఎరుపు ఉన్నచోట కళ్లెదుట కనిపించేది గుర్రపుడెక్క! నీటిని కప్పేసి, వెలుతురును అడ్డుకుని, కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేసే కలుపు అది. కాస్త అవతల అదే ఎరుపులో కిక్కిస పొద ఉంటుంది. పక్షులకు గూడు, చేపపిల్లలకు నీడ అది. ఇంకా అవతల ఎరుపు... దాళ్వా వరి. ఉపగ్రహానికి మూడూ నిండుగా ఉన్న ఆకులే. సరస్సుకు మాత్రం ఒకటి రోగం, ఒకటి బలం, ఒకటి పరాయి సొత్తు.

నలుపు సంగతీ అంతే. నీరు కనబడిందని సంబరపడితే పొరపాటు. గిరిగీసినట్టున్న గళ్లన్నీ చేపల చెరువులు. ప్రకృతి గీసిన ఒడ్డు వంకరటింకరగా ఉంటుంది. మనిషి కట్టిన గట్టు స్కేలు పెట్టినట్టు ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు, ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఆక్రమణ ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలడు.

అందుకే ఈ పాఠంలో రెండు గడులు గీసుకోవాలి. 'బొమ్మలో అనుకున్నది' ఒకటి, 'నేల మీద చూసింది' రెండోది. శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే. నేల సాక్ష్యం లేకుండా ఆకాశం మాటను వాళ్లూ నమ్మరు.

పాత బొమ్మ, కొత్త బొమ్మ

1972లో అమెరికా తొలి ల్యాండ్‌శాట్‌ను పంపింది. మన ఐఆర్ఎస్-1ఏ 1988లో ఎగిరింది. అప్పట్నుంచీ పోగైన చిత్రాలే కొల్లేటికి ఆల్బమ్. 1970ల చివర్లో ప్రభుత్వమే మత్స్యకారుల సంఘాలతో ఇక్కడ చెరువులు వేయించింది. తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు వచ్చారు. గళ్లు పెరుగుతూ పోయాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని విశ్లేషించిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు, తాము సరస్సుగా లెక్కించిన 245 చదరపు కిలోమీటర్లలో సుమారు 42 శాతం చేపల చెరువులేనని తేల్చారు. మిగిలినదాంట్లోనూ కలుపే ఎక్కువ.

అప్పటికే, 1999లో, ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చోటు దక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు తెగ్గొట్టారు. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఏ ఏడాది ఏం జరిగిందో పుస్తకం చెప్పనక్కర్లేదు, బొమ్మలు పక్కపక్కన పెడితే చాలు.

ఇదంతా పక్షుల కోసమేనా? కాదు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల వరదను తనలో దాచుకుని, ఉప్పుటేరు ద్వారా నిదానంగా సముద్రానికి పంపేది కొల్లేరే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు చేరాల్సిందీ ఇక్కడికే. సరస్సులో చోటు తగ్గితే ఆ నీరు ఊళ్లలో నిలబడుతుంది.

పైనుంచి కనిపించనివి

ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం. మన లెక్కలో ఇరవై రెండు సెంట్లు. ఐరోపా వాళ్ల సెంటినెల్-2లో పది మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ఆ చుక్కలో గట్టు కనిపిస్తుంది. ఆ గట్టు మీద పాకలో కాపలా ఉండే కుటుంబం కనిపించదు. చెరువు తెగితే కూలి పోయేది ముందుగా వాళ్లకే. నీటిలో కలిసిన మందులూ కనిపించవు. వానాకాలంలో మబ్బు పడితే అసలేమీ కనిపించదు.

పక్షులూ కనిపించవు. వాటి కోసం ఆటపాక వెళ్లాల్సిందే. చెట్ల మీదా, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు బారులు తీరి ఉంటాయి. గూటిలోని పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి చేపను లాక్కుంటుంటే... బైనాక్యులర్లు ఎవరూ కిందకు దించరు. పడవ ఒడ్డుకు చేరాక జేబులోని బొమ్మను మళ్లీ విప్పితే, ఆ చోటు ఓ చిన్న మచ్చ. దాని చుట్టూ అన్ని వైపులా గళ్లు!

ఈసారి పిల్లలకు ఏమీ చెప్పక్కర్లేదు. ఆ మచ్చ ఎంత చిన్నదో వాళ్లే చూస్తారు.

ఎలా వెళ్లాలి?

ఆటపాక పక్షుల కేంద్రం ఏలూరు జిల్లా కైకలూరు పక్కనే ఉంది. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైలుమార్గంలో కైకలూరు స్టేషన్ వస్తుంది. ఏలూరు నుంచి బస్సులున్నాయి. నవంబరు నుంచి మార్చి దాకా మంచి సమయం. ఉపగ్రహ చిత్రాలను ఇస్రో వారి 'భువన్' వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. బయల్దేరే ముందే ఒకటి అచ్చు తీసుకుంటే మేలు.