ట్రాక్టరు గారి జబ్బు

హైటెక్ సిటీలో కాపురమంటే, కంప్యూటరు తప్ప మరో యంత్రం మా కంట పడదనుకుంటారు మా చుట్టాలు. 1998లో ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్సుకి ఆట్టే దూరం లేదు, కొండాపూరులో మా కాలనీ. అందులో మూడెకరాల తోట. ఆ తోటకొక బుల్లి ట్రాక్టరు. పదిహేను అశ్వాల బలం, ఒకే ఒక సిలిండరు, పదిహేనేళ్ల వయస్సు. ఎరువు తోలాలన్నా, పచ్చిక కోయాలన్నా అదే దిక్కు.

ఈ వేసవిలో దానికి జబ్బు చేసింది. బయలుదేరిన ఇరవై నిమిషాలకల్లా ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే యేమీ యెరగనట్టు మళ్లీ లేస్తుంది. మళ్లీ ఇరవై నిమిషాలే. సాఫ్ట్‌వేరు ఉద్యోగస్తులైన మావారు, "కాసేపు ఆపి మళ్లీ వేస్తే సరి" అని తమ శాస్త్రంలోని దివ్యౌషధం సెలవిచ్చారు. తమాషా యేమిటంటే, ఆ మందు పనిచేసేది కూడానూ!

ముగ్గురు మెకానిక్కులు వచ్చారు. ఒకాయన డీజిల్ ఫిల్టరు మార్చాడు. ఇంకొకాయన ఇంజెక్టరు మార్చాడు. మూడో ఆయన యేకంగా పంపే మార్చేశాడు. ప్రతిసారీ రెండ్రోజులు బుద్ధిగా నడిచేది. డబ్బు పుచ్చుకున్నవాడు వీధి మలుపు తిరిగాక మొండికేసేది. 38,000 రూపాయలు అయిపోయాయి. ఆదివారం మీటింగులో ట్రాక్టరుని పాత ఇనుముకి అమ్మేసి, తోటపని కాంట్రాక్టుకిచ్చేద్దామని కమిటీవారి ఆలోచన. కాంట్రాక్టరు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అంటే తాతకి పని పోతుందన్నమాట. ఆ మాట మాత్రం యెవరూ పైకి అనలేదు.

తాత అంటే ట్రాక్టరు తోలే పెద్దాయన. కాలనీలో పిల్లలకీ పెద్దలకీ అందరికీ తాతే. సొంతవూరు పక్కనే వున్న ఖాజాగూడ. ఈ అద్దాల మేడలు లేవకముందు యీ చుట్టుపక్కలే యెద్దుల్ని కట్టి దున్నినవాడు. శనివారం నాకు కాలేజీ సెలవు. షెడ్డు దగ్గర ఆయన వొంటరిగా కూర్చుని వుంటే వెళ్లి పలకరించాను.

"ఇంజన్ల రోగముంటే పండుకుంటె తక్కువైతదా అమ్మా?" అన్నాడు. "గిది టక్కుమని ఆగుతలేదు. దమ్ము అందక, దమ్ము అందక ఆగుతున్నది. పొగ గూడ వస్తలేదు."

ఆ నాలుగు మాటల్లోనే నిదానమంతా వుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుండదు. లోపలి గాలిని పిస్టను పదహారో వంతుకో, ఇంకా తక్కువకో అదిమితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులో డీజిల్ చిమ్మితే దానంతటదే మండుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో చేసి చూపిన కిటుకు యిదే. అంచేత దానికి కావలసినవి గాలి, అదుము, ఆహారం. గాలి చాలకపోతే నల్లపొగ రావాలి. వేడికి పట్టేస్తే చేత్తో తిప్పినా కదలకూడదు. ఇదేమో సులువుగా తిరుగుతోంది, రేడియేటరులో నీళ్లూ వున్నాయి. ఇక మిగిలింది ఆహారం.

మొదట తాతకి ట్యాంకు మూత మీద అనుమానం కలిగింది. మూతకుండే సన్నని బెజ్జం పూడితే లోపలికి గాలి వెళ్లక, డీజిల్ దిగదు. ఇంజను నీరసించే వేళకి చటుక్కున మూత తీశాడు. తేడా లేదు, ఆగిపోయింది.

అప్పుడు చేశాడు అసలు పని. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా డీజిల్ పోసి, సెలైను సీసాలాగ కర్రకి వేలాడదీసి, ట్యాంకు గొట్టం వూడదీసి దాని గొట్టం తగిలించాడు. నట్టు వదులు చేసి బుడగలన్నీ పోయేదాకా గాలి తీశాడు. ఇంజను వేశాడు. సీసా వూగుతుండగా తోటచుట్టూ తిరిగాడు. ఇరవై నిమిషాలు దాటాయి. గంట దాటింది. పిల్లలంతా వెనకాల వూరేగింపు!

అయితే జబ్బు ట్యాంకులోనే. వొలకబోస్తే దొరికింది: ఆయిలు డబ్బా మూతికి అంటించే వెండిరంగు రేకు, రూపాయి బిళ్లంత. ఇంజను లాగినప్పుడు కొట్టుకొచ్చి కన్నానికి అతుక్కునేది. ఆపితే విడిపోయి పక్కకి పోయేది.

మా మెదకుసీమ కొల్చారం మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ చెప్పనని నియమం పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్యానం రాశాడు. మెకానిక్కులకి ఆ నియమం వుండివుంటే మా 38,000 మిగిలేవి.

ఆదివారం మీటింగులో ట్రాక్టరుని అమ్మే ప్రసక్తి రాలేదు. నేను లేచి, తాత జీతం పెంచమన్నాను. "చూద్దాం మేడం" అన్నారు సెక్రటరీగారు. కాంట్రాక్టు సంగతి వచ్చేనెల మళ్లీ చర్చకి పెడతారట. తాత మాత్రం డీజిల్ పోసేటప్పుడల్లా పాత పంచెగుడ్డ మడిచి ట్యాంకు మూతికి అడ్డం కడుతున్నాడు.