తీగా? గొడుగా?

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్న మన బంధువులు టి.వి. కనెక్షన్ పెట్టించుకునేటప్పుడు ధర అడుగుతారు, ఎన్ని ఛానళ్ళు వస్తాయని అడుగుతారు. తెలుగు వస్తుందా అని మాత్రం అడగరు. అడగవలసిన అవసరం వాళ్ళకి లేదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న మనం మొదట అడిగేది అదే. ధర సంగతి ఆ తరవాత.

నేను బ్యాంకు ఉద్యోగిని. చదివింది బి.కాం. ఏ విషయాన్నయినా జమ ఒక వైపూ ఖర్చు ఒక వైపూ వేసి చూసుకుంటే గాని నాకు తృప్తి ఉండదు. మాది హోసూరు. బదిలీల మీద బళ్ళారి, షోలాపూరు తిరిగి చివరికి మళ్ళీ సొంతూరు చేరాను. మూడు రాష్ట్రాల్లోనూ ఈ టి.వి. బేరం చేయవలసి వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్ కూడా వచ్చి చేరింది కనక బేరం ఇంకాస్త చిక్కుపడింది. నాలాంటి వాళ్ళు మరికొందరు ఉంటారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా చిన్నతనంలో బేరమే లేదు. మేడ మీద పొడవాటి గొట్టానికి యాంటెన్నా బిగించి బెంగుళూరు వైపు తిప్పేవాళ్ళం. కన్నడం, హిందీ, ఇంగ్లీషు వచ్చేవి. హైదరాబాదు దూరదర్శన్ 1977లోనే మొదలైనా ఆ తెలుగు మా గొట్టం దాకా రాలేదు. 1990ల మొదట్లో కేబుల్ తీగ వీధివీధికీ పాకింది. 1995లో జెమిని, ఈటీవీ రెండూ మొదలయ్యాయి. ఆ సంగతి పేపర్లో చదివాం గాని మా ఇంట్లో కనబడలేదు.

మా వీధి కేబుల్ ఆయన తమిళుడు. పేటలోని తెలుగిళ్ళ వాళ్ళం పదిమందిమి కలిసి వెళ్ళి అడిగాం. "ఇంకో డిష్ పెట్టాల సార్, శానా ఖర్చు" అన్నాడు. ఎన్ని తెలుగిళ్ళున్నాయో, నెలకి ఎంత వస్తుందో, ఆ ఖర్చు ఎన్ని నెలల్లో తీరుతుందో కాగితం మీద రాసి చేతికిచ్చాను. బ్యాంకులో అప్పు అడగటానికి వచ్చేవాళ్ళ కాగితాలు చూసిన అలవాటు అక్కరకొచ్చింది. రెండు నెలలకి తెలుగు వచ్చింది. మా అమ్మ ఆయన్ని ఇంటికి పిలిపించి కాఫీ ఇచ్చి "సల్లగా ఉండు నాయనా" అంది.

కేబుల్లో ఉన్న సుఖం అది. తీగకి అవతలి కొసన ఒక మనిషి ఉంటాడు. మన వీధివాడు. అడగొచ్చు, పోట్లాడొచ్చు, వచ్చే నెల కలిపి ఇస్తామని చెప్పొచ్చు. ఉగాదికి గుళ్ళో పంచాంగ శ్రవణం ఉందని ఆయన లోకల్ ఛానల్లో నాలుగు రోజులు వేయించుకోవచ్చు.

దాని లోపం నాకు షోలాపూరులో తెలిసింది. అక్కడ తూర్పు భాగమంతా మన పద్మశాలీల ఇళ్ళు. తరాల కిందట తెలంగాణ నుంచి మగ్గాల పని మీద వెళ్ళి స్థిరపడినవాళ్ళు. ఆ వీధుల్లో కేబుల్లో తెలుగు నిక్షేపంగా వచ్చేది. నాకు ఇల్లు దొరికింది ఊరికి రెండో వైపున. అక్కడి కేబుల్ అతను నా మాట వినేసి "ఒక్క ఇంటి కోసం ఎలా ఇస్తాం సాబ్" అన్నాడు. అతని లెక్కలో తప్పేమీ లేదు. తీగ ఎక్కడ పదిమంది ఉంటే అక్కడి మాట వింటుంది. గుంపు నుంచి విడిపడి ఉన్న ఒంటరి కుటుంబానికి తీగలో దిక్కు లేదు. బళ్ళారిలో నేను అడగకుండానే తెలుగు రావటానికి కూడా కారణం అదే. అక్కడ బజారంతా తెలుగు వినబడుతుంది.

అప్పుడు గొడుగు కొన్నాను. డిష్‌ని మా ఇంట్లో ఇప్పటికీ గొడుగనే అంటాం. మన దేశంలో ప్రైవేటు డి.టి.హెచ్. 2003లో మొదలైంది. నెలనెలా చందా లేని దూరదర్శన్ వారి డిష్ 2004 డిసెంబరులో వచ్చింది. కేబుల్ ఆయన వాడే పెద్ద డిష్ సి బ్యాండుది. మేడ మీద పెట్టే రెండడుగుల చిన్న డిష్ కెయు బ్యాండుది. ఆ తరంగాలు పొట్టివి కాబట్టి చిన్న డిష్‌కి చాలతాయి. కాని జోరువాన చినుకులు వాటిని మింగేస్తాయి. అందుకే సరిగ్గా వాన ముదిరినప్పుడే బొమ్మ మాయమవుతుంది. డిష్‌కి ఎదురుగా ఆకాశం ఖాళీగా ఉండాలి. పక్కింటాయన ఇంకో అంతస్తు లేపితే మన బొమ్మ పోతుంది.

ఇన్ని ఇబ్బందులున్నా గొడుగులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని వెలుగు దేశమంతటి మీదా పడుతుంది. అక్కడి నుంచి చూస్తే రాష్ట్రాల సరిహద్దులు లేవు. షోలాపూరులో ఒంటరి ఇంటికీ, గుంటూరులో వీధి మొత్తానికీ అదే తెలుగు దిగుతుంది. బదిలీ అయితే డబ్బా, గొడుగు విప్పుకుని లారీలో వేసుకోవచ్చు. నేను అలాగే హోసూరు తెచ్చుకున్నాను.

పై నుంచి సరిహద్దు లేదు గాని ధరల పట్టీలో ఉందని 2019లో తెలిసింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ వారి కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. చూసే ఛానళ్ళకే డబ్బు కట్టాలి, ఛానళ్ళు మనమే ఎంచుకోవాలి. మొదటి నూరు ఛానళ్ళు అందించినందుకు రుసుము 130 రూపాయలకు మించకూడదు. 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 153 రూపాయల 40 పైసలు. దాని మీద ఏ ఛానల్ ధర ఆ ఛానల్‌ది. పేరుమోసిన తెలుగు వినోద ఛానళ్ళు ఒక్కోటి 17, 19 రూపాయలు పలికాయి. నాలుగు తీసుకుంటే పన్నుతో కలిపి ఎనభై పైచిలుకు. మొత్తం నెలకి 240 దాకా తేలింది.

విడివిడిగా వద్దనుకున్నవాళ్ళకి 'బొకే'లు కట్టారు. తమిళ బొకే, తెలుగు బొకే, కన్నడ బొకే. ఇక్కడే మన అవస్థ మొదలైంది. మా ఇంట్లో అమ్మకి తెలుగు కావాలి. నా భార్యది ఆనేకల్ దగ్గరి పల్లె, ఆమె కన్నడ వార్తలు చూస్తుంది. మా అబ్బాయి చదువు, స్నేహితులు అంతా తమిళం. ఇలాంటి ఇల్లు సరిహద్దు ఊళ్ళలో వింతేమీ కాదు. కాని బొకే కట్టినవాడు ఒక ఇంటికి ఒకే భాష అనుకున్నాడు. మూడు బొకేలు తీసుకుంటే మూడింటిలోనూ ఎవరూ చూడనివి కొల్లలు. అందుకని నేను పట్టీ ముందేసుకుని ఒక ఆదివారమంతా కూర్చుని విడివిడిగా పన్నెండు ఛానళ్ళకి టిక్కు పెట్టాను.

టిక్కు పెట్టనివాళ్ళ సంగతి వినండి. గడువు దాటినా ఎంచుకోని చందాదారులకి 'బెస్ట్ ఫిట్ ప్లాన్' అని ఒకటి తయారు చేయమని ట్రాయ్ ఆ ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ ఇంట్లో ఏవి చూస్తారు, ఏ భాష మాట్లాడతారు, ఏవి జనానికి ఇష్టం అన్నవి చూసి చేయాలన్నది నియమం. నియమం మంచిదే. కాని మా బంధువుల ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఎవరూ అడగలేదు. చిరునామాలో తమిళనాడు అని ఉంది కనక పట్టీ నిండా తమిళం వచ్చింది. తెలుగు ఒక్కటీ లేదు. జనాభా లెక్కలకి వచ్చినవాడు మనల్ని అడగకుండానే మాతృభాష గడి నింపుకుని పోయిన సందర్భాలు విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఎవరికీ మన మీద కోపం లేదు, మన గడి ఖాళీగా ఉంటే పక్కవాడి మాటతో నిండిపోతుంది. అంతే.

ఇక ఇంటర్నెట్. కుప్పంలో మా చుట్టాలున్నారు. ఆంధ్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్ పేరుతో నెలకి 149 రూపాయలకే టి.వి., ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తుందని వాళ్ళు చెబితే అసూయపడ్డాం. 2017 డిసెంబరులో రాష్ట్రపతి దాన్ని ప్రారంభించారు. ఆ తీగ రాష్ట్రం ఎల్లతో ఆగిపోతుంది. మా హోసూరులో చివరికి ఫైబర్ తీగ లాగింది మా పాత కేబుల్ ఆయన కొడుకే. నెలకి 500, పన్నుతో 590. ఏడాదికి 7,080.

మా అబ్బాయి అప్పుడు న్యాయమైన ప్రశ్నే వేశాడు. "ఇంటర్నెట్‌లో అన్నీ వస్తాయి గదా నాన్నా, మళ్ళీ గొడుక్కి ఏడాదికి మూడు వేలు ఎందుకు?" 2020లో మొదలైన ఆహా లాంటివి ఉన్నాయి, యూట్యూబ్‌లో తెలుగు వార్తలు ఊరికే వస్తాయి, వానకి బొమ్మ పోదు, ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకటే. జమ వైపు ఇన్ని ఉంటే కాదనడానికి లేదు. సరే, ఒక నెల గొడుగు చందా ఆపి చూద్దామన్నాను.

ఆ నెలలో నేను గమనించింది చెబుతాను. తెలుగు తగ్గలేదు, నిజానికి ఎక్కువే దొరికింది. కాని హాల్లో దొరకలేదు. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవిలో తీగ వాళ్ళది. అమ్మకి ఎనభై ఏళ్ళు. ఆమె చదివింది ఐదో తరగతి దాకా తెలుగే. కళ్ళు మసకబారాక ఆ చదువు పోయింది, చెవి ఒక్కటే మిగిలింది. రిమోట్ మీద నాలుగు నంబర్లు ఆమెకి వేళ్ళ గుర్తు. ఫోను ఆమె మాట వినదు. ఒక భక్తి పాట పెట్టిస్తే అది అయిపోయాక దానంతట అది ఇంకేదో భాషలోకి పోతుంది. ఆపమని ఎవరినో ఒకర్ని పిలవాలి. పదిరోజులకి పిలవటం మానేసి ఊరికే కూర్చునేది.

రెండోది, మా మనవరాలు. ఒకటో తరగతి. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం బడిలో తమిళం తప్పనిసరి. అందులో నాకు ఫిర్యాదు లేదు, ఉన్న ఊరి భాష రావలసిందే. బడిలో తమిళం, ఇంగ్లీషు. మరి తెలుగు ఎక్కడ వింటుంది? సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని సీరియల్ చూస్తూ, "వాళ్ళెందుకు ఏడుస్తాండారు అవ్వా" అని అడిగేది. అమ్మ జవాబు చెప్పేది. ఆ సీరియళ్ళు గొప్పవని నేను అనను. కాని వాటి నెపం మీద ముసలావిడకీ పసిపిల్లకీ మధ్య రోజూ ఒక గంట తెలుగు నడిచేది. ఆ నెల అది నడవలేదు. పిల్ల ఫోనులో ఇంగ్లీషు బొమ్మలు చూసుకుంది.

నెల తిరగగానే చందా కట్టాను. మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఇంటర్నెట్ కేబుల్ ఆయన కొడుకు దగ్గర. వాళ్ళ నాన్నలాగే పిలిస్తే వస్తాడు. హాల్లోకి గొడుగు. ఆ మూడు వేలు నేను వినోదం పద్దులో రాయటం లేదు, పిల్ల చదువు పద్దులో రాస్తున్నాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. టి.వి. తెలుగు మన తెలుగు కాదు. అందులో గేదె ఉంటుంది, మా ఎనుము ఉండదు. వేరుసెనగ ఉంటుంది, చెనిక్కాయ ఉండదు. చిలగడదుంప అంటే మా అమ్మకి తెలియదు, గెనుసుగడ్డ అంటే టి.వి. వాళ్ళకి తెలియదు. ఆ మాటలు ఏ కంపెనీ అమ్మదు, ఏ బొకేలోనూ లేవు. అవి సీరియల్ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడు అమ్మ నోటి నుంచి పిల్ల చెవిలో పడవలసిందే.

కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్ళకి నాలుగు సూచనలు చెప్పి ముగిస్తాను. తెలుగిళ్ళు గుంపుగా ఉన్న వీధి అయితే కేబుల్ తీసుకోండి, పదిమంది కలిసి అడగండి. ఒంటరి ఇల్లయితే గొడుగు మేలు. 130 రూపాయల పరిమితిని ట్రాయ్ 2024 జూలైలో ఎత్తేసింది. ఆ రుసుము ఎంతన్నది ఇప్పుడు సంస్థల ఇష్టం, కనక ముందే అడిగి తెలుసుకోండి. 999 నంబరు నొక్కితే మీ సంస్థ వివరాలు కనబడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు ముందే టిక్కులు పెట్టి తెచ్చిన కాగితం మీద సంతకం చేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళనీ పిల్లలనీ పక్కన కూర్చోబెట్టుకుని మీ గడులు మీరే నింపండి.