సంచిలో ట్యూబుతో కర్నూలుకు

ఆలూరులో మొటిమలకు వైద్యం చెప్పేవాళ్లకు కొదవ లేదు. పక్కింటి అవ్వ ఒంట్లో వేడి అంటుంది, సబ్జా గింజలు నానబెట్టి తాగమంటుంది. ఎదురింటామె శనగపిండి, పసుపు అంటుంది. కాలేజీ స్నేహితురాళ్లు నిమ్మచెక్క, టూత్‌పేస్టు అంటారు. పెళ్లయితే అవే పోతాయని అందరూ కలిసి తీర్పు చెప్పేస్తారు. చర్మం డాక్టరు కావాలంటే మాత్రం ఆదోనికో, బళ్లారికో, కర్నూలుకో బస్సెక్కాలి, ఆ రోజు పని వదులుకోవాలి. మందుల షాపుకు నడిచి పోవచ్చు. మొటిమల కథ మా వైపు ఎందుకు ముదురుతుందో తెలియాలంటే ముందు ఈ దూరాలు తెలియాలి.

మా అక్క కూతురు ఇంటరు రెండో ఏడు చదువుతోంది. ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కుంది. రాసిన కొద్ది రోజులకే గుల్లలు అణిగాయి, మొహం తెల్లబడింది. ఇల్లంతా సంతోషించింది. తర్వాత రాయడం మానేస్తే గుల్లలు ముందుకంటే ఎక్కువయ్యాయి. మళ్లీ రాసింది. అట్లా నెలలు గడిచాయి. ఎండలోకి వస్తే బుగ్గలు భగభగమంటున్నాయని చున్నీ కప్పుకొని తిరిగేది. హాల్ టికెట్టుకు ఫోటో దిగమంటే ఆ పిల్ల ఏడ్చిందని విన్నాక నేను ఆగలేకపోయాను. అక్కకు పత్తి తీత రోజులు, చేను విడిచి రాలేదు. "నేను తీసుకుపోతాలే అక్కా" అన్నాను.

మాకు బళ్లారి దగ్గర. అయినా కర్నూలే అనుకున్నాం. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, పైగా 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తున్నాడు. చార్జీలకు వెనకాడి "ఇంకో నెల చూద్దాంలే" అనే మాట ఇళ్లల్లో తగ్గింది. ఆ బస్సులో మాతో పాటు ఆసుపత్రి ఫైళ్లు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లే ఎక్కువమంది ఉన్నారు.

తెల్లవారకముందే ఎక్కాం. ఆస్పరి దాటేసరికి వెలుతురొచ్చింది. నల్లరేగడి చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకొని ఉంది, అప్పటికే వంగి తీస్తున్నారు. దూరంగా గాలిమరలు. ఎండ మొదలవగానే పిల్ల నా భుజం తట్టి, "చిన్నమ్మా, నువ్వు ఇట్లా కూర్చో" అంది. ఎండ మా బస్సుకు కుడివైపు పడుతోంది. కిటికీ సీటంటే చిన్నప్పటి నుంచి కొట్లాడి తీసుకునే పిల్ల, లేచి ఇటు వచ్చి కూర్చుంది. దేవనకొండ, కోడుమూరు దాటినా తల తిప్పి బయటికి చూడలేదు.

బళ్లారి చౌరస్తాలో దిగి, ఆటోలో బుధవారపేటలోని పెద్దాసుపత్రికి పోయాం. 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి ఇది. పశ్చిమాన ఆదోని, ఆలూరు మొదలుకొని అటు గద్వాల, రాయచూరు వైపు వాళ్ల దాకా దీన్నే నమ్ముకొని వస్తారు. ఓపీ చీటీ తీసుకొని చర్మం వాళ్ల గది ముందు వరుసలో నిలబడ్డాం. మా ముందు ఒకామె బుగ్గల మీద మంగుతో ఉంది. సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి గుంటూరు వైపు మిరప కోతల ఎండల్లో పనిచేసి వచ్చినప్పటి నుంచి ఎక్కువైందట. కొంగుముడి విప్పి తాను వాడే ట్యూబు చూపించింది. మా పిల్ల దాన్ని చూసి నా చేయి గట్టిగా పట్టుకుంది. కంపెనీ వేరే కావచ్చు గాని, పైన రాసిన మందు పేరు ఒకటే.

లోపల డాక్టరమ్మ మొదట మొటిమల మాటే ఎత్తలేదు. "ఇంతవరకు ఏమేం పూసుకున్నావు పాపా? అన్నీ చెప్పు, కోప్పడను" అంది. పిల్ల సంచిలోంచి చేతిరుమాలులో చుట్టిన ట్యూబు తీసింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చదివింది. క్లోబెటాసోల్, దాంతో కలిపి ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు. క్లోబెటాసోల్ పూతమందు స్టెరాయిడ్లలో అన్నిటికన్నా గట్టి తరగతిది. మందంగా బారిన సోరియాసిస్ పొరల మీద, కొద్దిరోజులు, డాక్టరు చూపులో రాయాల్సినది. మొహం చర్మం పలుచన, అక్కడ మందు తొందరగా ఇంకిపోతుంది.

ఆమె నన్ను కూడా దగ్గరికి పిలిచి భూతద్దంలో చూపించింది. బుగ్గల మీద దారాల్లాంటి ఎర్రటి గీతలు, చర్మం పలచబడి లోపలి రక్తనాళాలు బయటపడ్డవి. గుల్లలన్నీ ఒకే సైజులో ఉన్నాయి. మామూలు మొటిమల్లో అయితే నల్లమొనలు, తెల్లమొనలు, చీముగుల్లలు అన్నీ కలగలిసి ఉంటాయట. గడ్డం పక్కన సన్నటి నూగు. "మొటిమలు పిల్ల సొంతం. ఈ గీతలు, మంట, ఈ గుల్లల్లో సగం, ఇవన్నీ ట్యూబు పెట్టినవి" అంది. స్టెరాయిడ్ వాపును అణిచేస్తుంది గాబట్టి మొదట్లో నయమైనట్టే కనిపిస్తుంది. ఆపగానే వాపు ఎదురు తిరుగుతుంది. అది చూసి మనిషి మళ్లీ ట్యూబు తీస్తాడు.

ఇది ఆలూరు సంగతి ఒక్కటే కాదు. దేశంలోని పలు ఆసుపత్రుల్లో మొహం సమస్యలతో చర్మం ఓపీలకు వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో 433 మంది, అంటే నూటికి దాదాపు 15 మంది, మొహానికి స్టెరాయిడ్ పూస్తున్నవాళ్లే. అందులో సగానికి పైగా డాక్టరు కాని వాళ్ల మాట మీద మొదలుపెట్టారు. చర్మవైద్యుల సంఘం గట్టిగా పట్టుబట్టాక, 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ట్యూబు మీదే హెచ్చరిక ఉంటుంది. చీమతలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. కూలికి పోయి వచ్చిన మనిషి రాత్రి బల్బు వెలుతురులో దాన్ని చదవగలదా? చట్టం ఉంది, అది పత్తికొండ, ఆలూరు, హొళగుంద వీధుల దాకా నడిచి రావాలి. ఈ మాట నేను ఎవరితోనైనా గట్టిగా చెప్తాను.

డాక్టరమ్మ ఓపీ చీటీ వెనక బొమ్మ గీసింది. వెంట్రుక మొలిచే ప్రతి రంధ్రం పక్కన ఒక నూనె గ్రంథి. ఈడు వచ్చినప్పుడు ఆండ్రోజెన్ హార్మోన్లు ఆ గ్రంథిని పెద్దది చేస్తాయి, నూనె ఎక్కువవుతుంది. రంధ్రం గోడల నుంచి రాలిన కణాలు ఆ నూనెతో కలవడంతో దాని మూతి బిగుస్తుంది. చర్మం మీద అందరికీ ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి లోపల పెరుగుతుంది, ఒళ్లు దాంతో కొట్లాడుతుంది, వాపు, చీము వస్తాయి. నల్లమొన నలుపు మురికి కాదు. అక్కడ పేరుకున్న పదార్థంలోని మెలనిన్ గాలి తగిలి నల్లబడిన రంగు. రోజుకు ఆరుసార్లు సబ్బు పెట్టి రుద్దితే అది పోదు, చర్మం మాత్రం ఎండిపోతుంది. రోజుకు రెండుసార్లు మెత్తటి ఫేస్‌వాష్ చాలంది. తలకు పట్టించే నూనె నుదుటి మీదికి జారకుండా చూసుకోమంది, నుదుటి వెంట గుల్లలకు అదీ ఒక కారణమట.

తర్వాత, "అమ్మా, మీరు ఒక్క నిమిషం బయట కూర్చోండి" అంది. కూర్చున్నాను. నెలసరి సరిగ్గా వస్తుందా, మీసం దగ్గర గడ్డం దగ్గర ముదురు వెంట్రుకలున్నాయా, బరువు తొందరగా పెరిగిందా, ఇలాంటివి అడిగిందని పిల్ల తర్వాత చెప్పింది. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అనుమానం ఉంటేనే హార్మోను పరీక్షలు రాస్తారట, మొటిమలున్న ప్రతి ఆడపిల్లకూ అక్కర్లేదట. నన్ను బయటికి పంపడం నాకు ఎంతో నచ్చింది. పదిహేడేళ్ల పిల్ల చిన్నమ్మ ముందర ఆ జవాబులు చెప్పదు.

చికిత్స చిన్నదే, ఓపిక మాత్రం చాలా కావాలి. ట్యూబు మానేయాలి. ఎరుపు, మంట తగ్గడానికి టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని లేపనం, వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను. లోపలికి డాక్సీసైక్లిన్ మాత్ర, కొన్ని వారాలకే. యాంటీబయోటిక్ ఏళ్ల తరబడి మింగితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయి. మొటిమలకు అసలు మందైన అడాపలీన్ ఇప్పుడే వద్దంది. చర్మం ముందు కోలుకోవాలి, లేకపోతే మంట తట్టుకోలేదు.

డాక్సీసైక్లిన్ పేరు వినగానే నాకు మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొచ్చాడు. ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కనిపెట్టాడు. అది 1948లో లోకానికి తెలిసింది, ఆ ఏడే సుబ్బారావు పోయాడు. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అదే పెద్ద బిడ్డ, డాక్సీసైక్లిన్ తర్వాత పుట్టిన చెల్లెలు. పిల్లకు చెప్తే కళ్లు పెద్దవి చేసి చీటీ మళ్లీ చదువుకుంది.

మాత్ర గురించి డాక్టరమ్మ చెప్పినవి నేను నోటుబుక్కులో రాసుకున్నాను, ఇవి ఎవరూ మళ్లీ మళ్లీ చెప్పరు గనక. తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. వేసుకోగానే పడుకోకూడదు, ఆహారనాళంలో పుండు పడుతుంది. కాలేజీలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, కొన్ని గంటలు ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఎండకు చర్మం ఇంకా తొందరగా కమిలిపోతుంది గాబట్టి జాగ్రత్త. సన్‌స్క్రీను కొనలేని ఆ మంగు ఆమెకైతే టోపీ, కొంగు, పని వేళలు మార్చుకోవడం గురించి చెప్పింది.

పిల్ల నోరు తెరిచి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "మేడమ్, ఉగ్గాని బజ్జీ తినొచ్చా?" దాన్ని మానేసి చాలా కాలమైంది పాపం. కారానికి, నూనెవంటకు మొటిమలతో సంబంధం ఉన్నట్టు గట్టి రుజువు లేదని, తీపి కూల్‌డ్రింకులు, చక్కెర ఎక్కువైతే కొందరికి పెరుగుతాయని చెప్పింది. బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాం. పిల్ల అట్లా ఇష్టంగా తినగా చూసి చాలా రోజులైంది.

తర్వాతి వారాలు నిజంగా కష్టమైనవి. డాక్టరమ్మ ముందే చెప్పినట్టు మొహం ఎర్రబడింది, దురద, గుల్లలు. అక్క చేను నుంచి వచ్చి చూసి, "కర్నూలు దాకా పోయి ఇట్లా చేసుకోనొస్తిరి. ముందే నయం కదే!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఓపీ చీటీ వెనకున్న బొమ్మ చూపించి అక్కకు సర్దిచెప్పింది పిల్లే. కంటికి కనిపించే గుల్ల కొన్ని వారాల ముందే చర్మం లోపల మొదలై ఉంటుందని, అందుకే ఏ మంచి మందైనా ఎనిమిది, పన్నెండు వారాలు చూడాలని అది నాకంటే బాగా చెప్పింది.

మళ్లీ పోయినప్పుడు మంట లేదు, ఎరుపు సగానికి దిగింది. మచ్చలు మిగిలాయి. నల్ల మరకలు నెలల మీద వాటంతట అవే పలచబడతాయని, గుంతలకు మాత్రం మొటిమలు పూర్తిగా ఆగాక వేరే చికిత్స ఉందని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. గిల్లితే కొత్తవి వస్తాయంది. అప్పుడు అడాపలీన్ రాసింది. రాత్రిపూట, ఆరిన మొహానికి, శనగగింజంత, గుల్ల మీద చుక్కలాగా కాకుండా మొహమంతటా, మొదట్లో రోజు విడిచి రోజు. ఎవరో చెప్పిన "పెద్ద మాత్ర" గురించి పిల్ల అడిగితే, అది ఐసోట్రెటినోయిన్ అని, అమెరికాలో 1982 నుంచి ఉందని, గుంతలు పడే తీవ్రమైన మొటిమలకు బాగా పనిచేస్తుందని చెప్పింది. కానీ కడుపుతో ఉన్నవాళ్లు వేసుకుంటే బిడ్డకు ఘోరమైన లోపాలు వస్తాయి, రక్తపరీక్షలు చేస్తూ డాక్టరు దగ్గరే వాడాలి, షాపులో అడిగి తెచ్చుకునే మందు కానే కాదు. "నీకు దాని అవసరం రాదనుకుంటాను" అంది.

ఈసారి మాతో పాటు పిల్ల స్నేహితురాళ్లు ఇద్దరు వచ్చారు, తలా ఒక ట్యూబు తెచ్చుకొని. డాక్టరమ్మ రెండింటినీ చదివింది. ఒకటి పక్కన పెట్టేసింది, అందులో స్టెరాయిడ్ ఉంది. రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. "ఇది మంచిదే, వాడుకో. తలగడ గలీబుకు, చున్నీకి తగిలితే మాత్రం రంగు వెలిసిపోతుంది" అంది. అంతకు ముందే తన కొత్త నీలం చున్నీ ఒక మూల తెల్లబడిందని, చాకిరేవు సోడా వల్లేమో అనుకొని అమ్మ చాకలామెతో గొడవపడిందని ఆ అమ్మాయి చెప్పింది. ఊరికి పోగానే ఆ చాకలామెకు చెప్పి రమ్మంది డాక్టరమ్మ.