పసిపిల్లల కోసం విడిచిన చోటు

బ్రిటన్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్లలో, ప్రవేశద్వారానికి దగ్గరగా, పసిపిల్లలతో వచ్చేవారి కోసం ప్రత్యేకించిన పార్కింగ్ గడులు తరచుగా కనిపిస్తాయి. వీటిలో అసలు సౌకర్యం దగ్గరితనం కాదు, వెడల్పు. మామూలు గడి వెడల్పు సుమారు 2.4 మీటర్లే కనుక, పక్క కారు ఆనుకొని నిలిచినప్పుడు తలుపు సగమే తెరుచుకుంటుంది, ఆ సందులోంచి నిద్రపోతున్న శిశువును కార్‌సీటుతో సహా, అంటే ప్రమాదవేళ బిడ్డను కాపాడే పట్టీల కుర్చీతో సహా, బయటికి తీయడం దాదాపు అసాధ్యం. 12 ఏళ్లు నిండడం, 135 సెంటీమీటర్ల ఎత్తు రావడం, వీటిలో ఏది ముందైతే అంతవరకు పిల్లలకు తగిన కుర్చీ ఉండాలని అక్కడి చట్టం నిర్దేశిస్తుంది. గడికి మాత్రం అటువంటి చట్టబలం లేదు. దుకాణం తన సొంత స్థలంలో పెట్టుకున్న నియమాన్ని మీరినవారికి పడే రుసుము ఒప్పంద భంగానికి సంబంధించినదే తప్ప ప్రభుత్వ జరిమానా కాదు. అందువల్ల ఈ ఏర్పాటు చాలావరకు మర్యాద మీదనే నిలుస్తుంది. బిడ్డను ఇంట్లో వదిలి, వెనుక సీటులోని ఖాళీ కుర్చీని సాకుగా చూపి అక్కడ కారు నిలపడం నిస్సందేహంగా తప్పు. పిల్లలు వెంట లేనివారు దయచేసి నాలుగడుగులు దూరంగా నిలపండి.